టీవీలో పాఠం సరే, పక్కన ఎవరు?

తెలంగాణలో 2020 మార్చి మధ్యలో మూతపడ్డ ప్రాథమిక బడి మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. ఒకటో తరగతి చివర్లో పలకా పుస్తకాలు సర్దుకుని ఇంటికి వెళ్లిన పిల్ల మళ్లీ బడి మెట్లెక్కేసరికి మూడో తరగతిలో ఉంది. రెండో తరగతి మొత్తం ఇంట్లోనే గడిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో చిన్న తరగతులు మొదలైనా, ఏప్రిల్లో కరోనా రెండోసారి విరుచుకుపడటంతో మళ్లీ తాళాలు పడ్డాయి. ఆగస్టు 16 దాకా తీయలేదు. ఈ కాలమంతా ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయని అనలేం. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ ప్రభుత్వ విద్యా ఛానెల్ టీశాట్‌లోనూ మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా టైంటేబుల్ వేసి మరీ పాఠాలు చెప్పారు. ఆంధ్రప్రదేశ్ సప్తగిరి ఛానెల్‌ను వాడుకుంది. ప్రైవేటు బళ్లు జూమ్ క్లాసులు పెట్టాయి, వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపాయి. పదో తరగతి పరీక్షలు రెండేళ్లూ రద్దయి అందరూ పాసయ్యారు, కింది తరగతుల వాళ్లూ అలాగే పైకి జరిగిపోయారు. రిజిస్టర్లో తరగతి మారింది, చేతికి కొత్త వాచకం వచ్చింది. ఆ వాచకం చదవడం వచ్చా రాదా అన్నది వేరే సంగతి.

ఆ సంగతి ఎంత దూరం వెళ్లిందో ‘ప్రథమ్’ సంస్థ జరిపే అసర్ సర్వే 2022 చివర్లో చూపించింది. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లల చేతికి చిన్న పేరా ఇచ్చి చదివించే సర్వే ఇది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పేరా చదవగలిగినవాళ్లు తెలంగాణలో 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3 శాతానికి పడిపోయింది. 2022లో మూడో తరగతిలో ఉన్న పిల్లలంటే 2020-21లో ఒకటో తరగతిలో పేరు నమోదైనవాళ్లు. తెలంగాణలో వాళ్లకు ఒకటో తరగతి గది ఎలా ఉంటుందో తెలియదు, చిన్న తరగతులు కాబట్టి టీవీ టైంటేబుల్లోనూ చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ గది కొన్ని వారాలే తెలుసు. మొత్తం తప్పును బడి మూత మీదకే నెట్టడమూ న్యాయం కాదు. బడి తలుపులు బార్లా తెరిచి ఉన్న 2018లోనే తెలంగాణలో ఐదుగురిలో ఒక్కరు కూడా ఆ పేరా చదవలేకపోయారు, ఆ నిజాన్ని కరోనా చాటున దాచుకోవద్దు. అయినా పడిపోయిన తీరు చూస్తే ఒక ప్రశ్న అడగక తప్పదు. ఇంటి దగ్గర చదువు పేరుతో మనం పంపిందేమిటి, పిల్లలకు కావలసిందేమిటి? బడి మూతపడితే పిల్లలకు పాఠం దూరమైందనుకున్నాం. అందుకే పాఠాన్ని ఇంటికి చేర్చే దారుల మీదే డబ్బూ బుర్రా ఖర్చుపెట్టాం. చిన్న తరగతుల పిల్లలకు దూరమైంది తాము చదువుతుంటే వినే మనిషి. ఇంట్లోనో, వీధిలోనో, ఆఖరికి ఫోన్లోనో ఆ మనిషిని ఏర్పాటు చేయగలిగితే సిలబస్ కొంత వెనకబడినా చదువు నిలుస్తుంది. ఆ మనిషి లేకపోతే ఎంత గొప్పగా తీసిన వీడియో పాఠమైనా గోడకు చెప్పినట్టే.

తెలుగు చదవడం పిల్లలకు ఎలా పట్టుబడుతుందో గమనిస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. అక్షరమాల వచ్చినంత మాత్రాన చదవడం రాదు. గుణింతాలు, వాటి మీద ఒత్తులు, ఒక హల్లుకు వేరే హల్లు ఒత్తుగా వచ్చే జంటలు, అన్నీ కలిసి కంటికి వందల ఆకారాలు. ‘కత్తి’ని ‘కతి’ అని చదివి ముందుకు వెళ్లిపోయే పిల్ల ఉంటుంది. మొదటి అక్షరం చూసి, పక్కనున్న బొమ్మ చూసి, మిగతాది ఊహించి చెప్పేసే పిల్లాడుంటాడు. పాఠాన్ని చెవితో పట్టేసి, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పగలిగేవాళ్లూ ఉంటారు. ముగ్గురికీ అవసరమైన సాయం వేరువేరు. తరగతిలో మంచి టీచరు చేసే అసలు పని ఇక్కడే ఉంది. చదివించి వింటుంది, ఆగిన చోట తానూ ఆగుతుంది, ‘మళ్లీ చూడు’ అంటుంది. పాఠం వివరించడం ఆ తర్వాతి పని. తెర మీద కనిపించే మాస్టారుకు తన ముందున్న పిల్ల ఎక్కడ ఆగిందో తెలియదు. అరగంటలో పాఠం ముగిస్తాడు, పిల్ల ఆగినచోటే ఉండిపోతుంది. పదో తరగతి కుర్రాడైతే వీడియోను వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాడు, నోట్సు రాసుకుంటాడు. చదవడం వచ్చినవాడికి పాఠం పంపితే చాలావరకు సరిపోతుంది. చదవడమే ఇంకా రానివాళ్లకూ అదే మందు ఇచ్చాం, లేదా తెలంగాణలో ఒకటి రెండు తరగతుల వాళ్ల విషయంలో చేసినట్టు అసలేమీ ఇవ్వలేదు.

సాంకేతికత అందరికీ అందలేదు కాబట్టే దెబ్బతిన్నాం, అందరింట్లో ఫోనూ నెట్టూ ఉండి ఉంటే కథ వేరేగా ఉండేదని చాలామంది నమ్మకం. అందకపోవడం నిజమే. 2020లో అసర్ ఫోన్ ద్వారా జరిపిన సర్వేలో బడి పిల్లలున్న గ్రామీణ కుటుంబాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 61.8 శాతానికి చేరాయి. అయినా సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందిన పిల్లలు మూడో వంతే. 2021 ఆగస్టులో ఆర్థికవేత్తలు జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేద పిల్లల ఇళ్లలో ఆరా తీస్తే, గ్రామాల్లో క్రమంగా ఆన్‌లైన్లో చదువుతున్నది 8 శాతం, అసలు చదవనివాళ్లు 37 శాతం. పోనీ, అన్నీ అందిన చోట ఏం జరిగింది? ఇంటింటికీ వేగమైన ఇంటర్నెట్ ఉన్న దేశాల్లో నెదర్లాండ్స్ ముందు వరసలో ఉంటుంది. అక్కడ 2020లో బళ్లు మూసింది ఎనిమిది వారాలే. మూతకు ముందూ తర్వాతా దేశమంతటా ఒకే తరహా పరీక్షలు జరిగాయి కాబట్టి కొలవడం సులువైంది. ఏంగ్‌జెల్, ఫ్రే, వెర్హాగన్ అనే పరిశోధకులు మూడున్నర లక్షల మంది ప్రాథమిక తరగతుల పిల్లల ఫలితాలను అంతకుముందు ఏళ్లతో పోల్చారు. నష్టం ఏడాది చదువులో సుమారు ఐదో వంతని తేలింది. బడి మూసిన కాలం కూడా అంతే. ఇంటి దగ్గర పిల్లలు నేర్చుకున్నది దాదాపు సున్నా అని దానర్థం. తల్లిదండ్రుల చదువు తక్కువగా ఉన్న ఇళ్లలో నష్టం 60 శాతం దాకా ఎక్కువగా ఉంది. నెట్ అందరికీ ఉంది, పాఠం అందరికీ అందింది. తేడా తెచ్చింది ఇంట్లోని మనుషులు.

దీన్ని ఇంకాస్త శుభ్రంగా తేల్చిన ప్రయోగం ఆఫ్రికా దక్షిణ భాగంలోని బోట్స్వానాలో జరిగింది. బళ్లు మూసిన కాలంలో దాదాపు 4,500 కుటుంబాలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారానికోసారి ఫోన్లో లెక్కలు మెసేజ్‌గా పంపారు. రెండో గుంపుకు అవే మెసేజ్‌లు పంపడంతో పాటు వారానికోసారి 15 నుంచి 20 నిమిషాలు ఫోన్ చేసి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లలతో లెక్క చేయించారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఒట్టి మెసేజ్‌ల వల్ల చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఫోన్ చేసి మాట్లాడిన ఇళ్లలో పిల్లల లెక్కలు మెరుగయ్యాయి. మన వాట్సాప్ వర్క్‌షీట్లు మొదటి గుంపుకు దగ్గరగా ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు. ఈ పద్ధతినే తర్వాత భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండాల్లో 16 వేల మందికి పైగా పిల్లలతో పరీక్షించారు. అక్కడ ఫలితం ఇంకా బలంగా వచ్చింది. స్వచ్ఛంద సంస్థల వాళ్లు ఫోన్ చేసినా, మామూలు ప్రభుత్వ టీచర్లు చేసినా ఫలితం వచ్చింది. దీనికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. అప్పట్లో ట్యాబ్‌లు పంచాలా, ల్యాప్‌టాప్‌లు పంచాలా అని జరిగిన చర్చలో పావు వంతు కూడా ఈ చవక దారి మీద జరగకపోవడం విచిత్రం. పంచేటప్పుడు ఫొటో దిగడానికి ట్యాబ్ బాగుంటుంది, ఫోన్ కాల్‌కు ఆ సుఖం లేదు.

బడి మూసినప్పుడు జరిగే నష్టం బడి తెరిచాక పెరుగుతుందన్న సంగతి మరీ ముఖ్యం. దీనికి గట్టి ఆధారం కరోనాకు చాలా ముందే దొరికింది. 2005 అక్టోబరు 8న పాకిస్తాన్ ఉత్తర ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి బళ్లు సగటున 14 వారాలు మూతపడ్డాయి. నాలుగేళ్ల తర్వాత తాహిర్ అంద్రాబీ, బెంజమిన్ డేనియల్స్, జిష్ణు దాస్ ఆ ప్రాంతంలో పిల్లలను పరీక్షించారు. ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు, పరిహారం అందింది, పిల్లలు బళ్లకు వెళ్తున్నారు. చదువులో మాత్రం భూకంప రేఖకు దగ్గర్లో ఉన్న పిల్లలు దూరంగా ఉన్నవాళ్ల కంటే ఒకటిన్నర నుంచి రెండేళ్లు వెనకబడి ఉన్నారు. పోయింది మూడు నెలల పైచిలుకైతే వెనకబాటు రెండేళ్ల దాకా ఎలా వెళ్తుంది? ఎక్కువ అవకాశమున్న కారణం, టీచర్లు తెరిచిన రోజు నుంచీ ఆ తరగతి పుస్తకాన్నే పట్టుకుని సాగిపోయారు, అందుకోలేని పిల్లలు ప్రతి పాఠానికీ మరికాస్త దూరమయ్యారు. ఇదే పరిశోధనలో మరో సంగతి బయటపడింది. తల్లి కనీసం ప్రాథమిక విద్య పూర్తిచేసిన ఇళ్లలోని పిల్లలకు ఈ నష్టం దాదాపు కనిపించలేదు. డిగ్రీలు ఏం లేవు, ఐదో తరగతి చదువు. ఒక పల్లెటూరి తల్లికున్న ఆ కాస్త చదువు, బళ్లు కూలిపోయిన కాలంలో పిల్లల్ని నిలబెట్టింది.

అయితే ఆ పక్కన కూర్చునే మనిషి చేయాల్సిన పనేమిటి? ఇంటిని బడిగా మార్చమని తల్లిదండ్రులకు అప్పట్లో చాలామంది సలహా ఇచ్చారు. ఉదయం తొమ్మిదికి బల్ల ముందు కూర్చోబెట్టండి, పీరియడ్లు పెట్టండి, అన్ని సబ్జెక్టులూ చూడండి అని. ఆ సలహా ఇళ్లల్లో గొడవలు పెంచడానికే ఎక్కువ పనికొచ్చింది. ఇంటి దగ్గర నిలబెట్టాల్సినవి రెండే, చదవడం, లెక్క. రోజూ పది పదిహేను నిమిషాలు పిల్ల పైకి చదవాలి, ఎవరో ఒకరు వినాలి. పుస్తకం తరగతిదే కానక్కర్లేదు. కింది తరగతి వాచకమైతే ఇంకా మంచిది, తడబాటు తగ్గి చదవడంలో ఊపు వస్తుంది. చదివాక ‘అందులో ఏమైంది?’ అని ఒక ప్రశ్న అడిగి, పిల్ల తన మాటల్లో చెబుతుంటే వినాలి. చదివింది అర్థమైందో లేదో బయటపెట్టే పరీక్ష ఇంతకంటే ఇంకోటి లేదు. చివర్లో రెండు వాక్యాలు రాయించాలి. సైన్సూ సోషలూ ఆగితే ఆగనీ, బడి తెరిచాక అందుకోవచ్చు. చదవడం ఆగిపోతే అన్నీ ఆగుతాయి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021లో ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది పిల్లలను చూసినప్పుడు, అంతకుముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మరిచిపోయినవాళ్లు 92 శాతం ఉన్నారు. కొత్తవి నేర్చుకోకపోవడం ఒక ఎత్తు, వచ్చినవే చేజారడం ఇంకో ఎత్తు. వాడకపోతే పోయేది చదవడమే.

లెక్కల సంగతికి వస్తే, ఇంట్లో లెక్క ఎక్కడ లేదు? పాలవాడి ఖాతా, కిరాణా చీటీ, డ్వాక్రా సంఘం పొదుపు పుస్తకం, బస్సు టికెట్టు చిల్లర, అన్నిట్లోనూ ఉంది. వామనగుంటల్లో గింజలు పంచుకుంటూ పోవడం, అష్టాచెమ్మాలో గవ్వలు వేసి గళ్లు లెక్కించడం కూడా కూడికా తీసివేతా విభజనలే. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. కానీ జీవితంలోనే లెక్కంతా ఉంది, పుస్తకం దేనికి అన్నంత దూరం వెళ్లకూడదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే 1,400 మందికి పైగా పిల్లలను అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డ్యూఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. కిలో ఇంత చొప్పున 800 గ్రాములెంత, వంద ఇస్తే చిల్లరెంత అంటే ఆ పిల్లలు నోటితో టకటకా చెప్పేశారు. అవే లెక్కలను బడి పద్ధతిలో అంకెలు పేర్చి కాగితం మీద ఇస్తే చాలామంది తెల్లమొహం వేశారు. బజారుకు వెళ్లని బడి పిల్లలు దానికి తిరగేసి, కాగితం లెక్క ఎంతోకొంత చేసినా బజారు లెక్క చేయలేకపోయారు. ఒక చోట వచ్చిన లెక్క తనంతట తాను ఇంకో చోటికి రాదు. కాబట్టి ఇంట్లో లెక్క చేయించే పెద్దవాళ్లు ఒక చిన్న పని అదనంగా చేయాలి. నోటితో చెప్పిన చిల్లర లెక్కను నోటు పుస్తకంలో అంకెలుగా రాయించాలి, పుస్తకంలోని తీసివేతను రూపాయల్లోకి మార్చి అడగాలి. ఈ రాకపోకలే అసలు లెక్కల చదువు.

‘చదువురాని తల్లిదండ్రులు ఏం వింటారు?’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. మామూలుగా ఈ ప్రశ్న అడిగేది చదువుకున్నవాళ్లే. 2020 అసర్ సర్వేలో మూడొంతుల మంది పిల్లలకు ఇంట్లో ఎవరో ఒకరు చదువులో సాయం చేస్తున్నట్టు తేలింది. తల్లిదండ్రులిద్దరూ ప్రాథమిక విద్య దాటని ఇళ్లలో కూడా సగానికి పైగా పిల్లలకు ఆ సాయం దొరికింది, చాలాచోట్ల అక్కో అన్నో చూసుకున్నారు. పైగా వినడానికి చదువు తప్పనిసరి కాదు. పిల్ల చదువుతూ తడబడుతోందా, ధారగా పోతోందా అన్నది అక్షరం రాని చెవికీ తెలుస్తుంది. కథలో ఏమైందని అడగడానికి కథ ముందే తెలిసి ఉండనక్కర్లేదు, తెలియకపోతే ఆ ప్రశ్న ఇంకా నిజమైన ప్రశ్న అవుతుంది. చిల్లర లెక్కల్లో కూరగాయలమ్మే నాయనమ్మను మించిన పరీక్షాధికారి ఉండదు. ‘కతి’ని ‘కత్తి’గా సరిదిద్దడం మాత్రం ఆమె వల్ల కాదు, దానికి చదువు వచ్చిన మరో మనిషి వారానికోసారైనా కావాలి. ఏజెన్సీ గ్రామాల్లో ఇంకో ముడి ఉంది. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలకు తెలుగు వాచకమే పరాయి భాష, టీవీ పాఠం అంతకంటే పరాయిది. అక్కడ కథ ఏమిటో ఇంటి భాషలో చెప్పించుకునే మనిషి విలువ మైదానం కంటే ఎక్కువ.

తీరిక లేకపోవడం ఇంతకంటే బరువైన అభ్యంతరం. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే పురుషులు 97 నిమిషాలు పెట్టారు. ‘ఇంటి దగ్గర చదువు’ అనే బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. పత్తి ఏరడానికో ఉపాధి హామీ పనికో వెళ్లి వచ్చి వంట మొదలుపెట్టిన తల్లిని పట్టుకుని ‘నీ పిల్లల చదువు నువ్వే చూసుకోవాలి’ అనడంలో నాకు న్యాయం కనిపించదు. అక్కలకు అప్పగిస్తే ఎనిమిదో తరగతి ఆడపిల్ల చదువు తమ్ముడి కోసం ఆగుతుంది. అందుకే ఈ పని గంటల్లో కాక నిమిషాల్లో ఉండాలని, అది కూడా తండ్రుల వాటాగా ముందు మాట్లాడాలని అంటున్నాను. పైకి చదువుతుంటే వినడం ఇతర పనుల మధ్య కుదిరే పని, కూర తరుగుతూ, బండి తుడుస్తూ కూడా వినొచ్చు. ఆన్‌లైన్ క్లాసు అలా కుదరదు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్నీ పక్కన ఒక మనిషినీ గంటలకొద్దీ కట్టిపడేస్తుంది.

ఇదంతా ప్రభుత్వ బాధ్యతను ఇళ్ల మీదకు తోసేయడమే అనే వాదన అన్నిటికంటే బలమైంది. ఇల్లు బడికి ప్రత్యామ్నాయమని అంటే ఆ విమర్శ నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. నేనంటున్నది వేరు. మనిషిని ఏర్పాటు చేయడం ప్రభుత్వం పనే. ఎలాగో తమిళనాడు చూపించింది. 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’ (ఇంటిని వెతుక్కుంటూ వచ్చే చదువు) పేరుతో అక్కడి ప్రభుత్వం వాడవాడలా వాలంటీర్లను పెట్టి, నెలకు వెయ్యి రూపాయలిచ్చి, సాయంత్రం గంటా గంటన్నర పిల్లలతో చదివించింది. వాళ్లలో ఎక్కువమంది ఆ ఊరి ఆడవాళ్లే, మొత్తం రెండు లక్షల దాకా ఉన్నారు. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, మరిసియో రొమేరో ఆ రాష్ట్రంలో సుమారు 19 వేల మంది పిల్లలను కరోనాకు ముందూ తర్వాతా పరీక్షించారు. పద్దెనిమిది నెలల మూత వల్ల నష్టం భారీగానే ఉంది, భాషలో కంటే లెక్కల్లో రెట్టింపు. బళ్లు తెరిచిన ఆరు నెలల్లో అందులో మూడింట రెండు వంతులు పూడింది. ఆ పూడికలో సుమారు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల చలవ అని లెక్క తేలింది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 50 ఇళ్లకు ఒక గ్రామ, వార్డు వాలంటీరు ఉండేవారు, నెలకు 5 వేల గౌరవ వేతనం మీద. ఆ వ్యవస్థ రాజకీయంగా మంచిదా చెడ్డదా అనే తగువు పక్కన పెడదాం. పింఛను పట్టుకుని ప్రతి నెలా గడప తొక్కే చదువుకున్న యువతీ యువకులకు ఆ 50 ఇళ్లలోని పిల్లలచేత చదివించే పనిని ముఖ్యమైన పనిగా అప్పగించకపోవడం, నా దృష్టిలో, ఆ రెండేళ్లలో చేజారిన అతి పెద్ద అవకాశం.

ఇంగ్లిష్ మీడియం సంగతేమిటని అడుగుతారు. తల్లికి తెలుగు తప్ప రాదు, పిల్ల పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, ఆమె ఏం చేస్తుంది? ఇక్కడ అనుకోకుండా ఒక మంచి పని జరిగింది. ఆంధ్రప్రదేశ్ 2020-21లో, తెలంగాణ 2022-23లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండే జంట భాషల పుస్తకాలు తెచ్చాయి. మీడియం గొడవలో రాజీగా వచ్చిన ఆ తెలుగు పేజీని ఇంటికి పంపిన చదువుగా వాడుకోవచ్చు. తల్లి ఆ పేజీ వినగలదు, అడగగలదు. చాలా ఇళ్లలో ఆ పేజీ ఉన్నది ఎందుకో ఎవరూ చెప్పలేదు. ప్రైవేటు బడి పుస్తకాల్లో అది కూడా లేదు, ఫీజు కట్టే తల్లిదండ్రులు అడగరు.

ఇళ్లలో జరిగే ఈ ప్రయత్నాల ఫలితం చిన్నదని పరిశోధనలే చెబుతున్నాయి కదా అంటే, ఒప్పుకోవాలి. కరోనాకు ముందు బిహార్, రాజస్థాన్ గ్రామాల్లో తల్లులకు అక్షరాలు నేర్పడం, పిల్లలతో చేయించే పనులు వారంవారం ఇంటికి ఇవ్వడం లాంటి పద్ధతులను రుక్మిణీ బెనర్జీ, జేమ్స్ బెర్రీ, మార్క్ షాట్‌ల్యాండ్ పరీక్షించారు. పిల్లల లెక్కల్లో మెరుగుదల కనిపించింది, కానీ స్వల్పం. అయితే అది బడి నడుస్తున్న రోజుల కొలత, పిల్లలకు పగలంతా టీచరు ఉన్నప్పుడు సాయంత్రం ఇంట్లో కలిపిన దాని విలువ. టీచరే లేనప్పుడు అదే సాయం విలువ ఎంతో పాకిస్తాన్ భూకంపం చెబుతోంది. పైగా ఇంటి సాయంతోనే అంతా పూడుతుందని ఎవరూ అనడం లేదు. దేశం మొత్తం మీద మూడో తరగతిలో చదవగలిగినవాళ్లు 2022లో 20.5 శాతం ఉంటే 2024 అసర్‌లో 27.1 శాతానికి వచ్చారు, అంటే 2018 నాటి స్థాయికి. అది బళ్లు తెరిచి, చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల మీద దృష్టి పెట్టడంతో ముడిపడిన మార్పు. ఇల్లు చేయగలిగింది, బడి తెరిచేదాకా ఉన్నది పోకుండా చూడటం.

ఇదంతా ఎప్పుడో వచ్చే మహమ్మారి కోసమే అనుకుంటే పొరపాటు. 2019 అక్టోబరులో ఆర్టీసీ సమ్మె వల్ల తెలంగాణలో దసరా సెలవులు పెరిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వాడలకు వాడలే మునిగాయి. తుపాన్లు, వడగాడ్పులు ఏటా కొన్ని పనిదినాలు తింటాయి. వీటన్నిటినీ పక్కన పెట్టినా, ఏప్రిల్ చివర నుంచి జూన్ 12 దాకా ఏడు వారాల వేసవి సెలవులున్నాయి. నెదర్లాండ్స్‌లో ఏడాది చదువులో ఐదో వంతు పోగొట్టిన మూతకు వారం తక్కువ. సెలవులంటే సెలవులే, ఆటలు మానిపించమని కాదు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఆ ఏడు వారాల్లో వారానికోసారి బడి నుంచి ఒక ఫోన్ వెళ్లే ఏర్పాటు చేయడం ఎంత పని? ఒక టీచరుకు పాతికమంది పిల్లలు, ఒక్కొక్కరికి 20 నిమిషాలు అనుకుంటే వారానికి 500 నిమిషాలు, ఎనిమిది గంటల పైచిలుకు. సెలవుల్లో డ్యూటీ చేసిన టీచర్లకు ఆర్జిత సెలవులు జమ చేసే పద్ధతి ఎన్నికలకూ జనగణనకూ ఎలాగూ ఉంది, దీనికీ వర్తింపజేయవచ్చు. ఏం చదివించాలో, ఏ లెక్క అడగాలో ఒక కాగితం మీద పట్టేంత సూచన రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్టీ) తయారు చేయగలదు. ఫోన్ చేసే వేళ మాత్రం బడి వేళ కాకూడదు. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే తండ్రి జేబులో పనికి వెళ్లిపోయి, సాయంత్రం ఏడు దాటాకే ఇల్లు చేరుతుంది.